ఫోన్‌తో ఇంట్లోనే వీర్య పరీక్ష: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫోన్‌కి తగిలించి వీర్యకణాలు చూసే కిట్ల గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. అడిగినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం. చాలామంది రిపోర్టుల్లో ‘మిలియన్’ చూసి తికమకపడుతున్నారు. మిలియన్ అంటే పది లక్షలు.

ప్రశ్న: పెళ్లయి ఏడాదిన్నర అయింది. నాకు పరీక్షలన్నీ చేశారు, బాగానే ఉన్నాయన్నారు. మా ఆయన మాత్రం ల్యాబుకి రానంటున్నారు. బయట జనం తిరుగుతుంటే ఆ బాత్రూములో శాంపిల్ ఇవ్వడం తనవల్ల కాదంటున్నారు. ఫోన్ కిట్ తెప్పిస్తే సరిపోతుందా? (నిజామాబాద్)

జవాబు: మొదటి మెట్టుగా పనికొస్తుంది. ల్యాబ్ పరీక్షకు బదులు కాదు.

కిట్‌లో ఉండేవి తక్కువే. శాంపిల్ పట్టే కప్పు, చిన్న డ్రాపర్, సన్నటి సందు ఉన్న స్లైడు, ఫోన్‌కి తగిలించే లేదా వైఫైతో కలిపే బుల్లి మైక్రోస్కోపు, ఒక యాప్. స్లైడు మీది చుక్కని యాప్ కాసేపు వీడియో తీస్తుంది. ఫ్రేము ఫ్రేముకీ చోటు మారిన కణాలెన్నో లెక్కగట్టి ఒక అంకె చెబుతుంది. ఆ అంకె ఒక మిల్లీలీటరులో కదులుతున్న కణాలు ఎన్ని అన్నదే.

అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉన్న ‘యో’ కిట్‌నే తీసుకుంటే, మిల్లీలీటరుకి కదిలే కణాలు 60 లక్షలు దాటితే ఒక మాట, దాటకపోతే ఇంకో మాట చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నాటి మాన్యువల్‌లో కౌంట్‌కి (అంటే మిల్లీలీటరులోని మొత్తం కణాలకి) కింది హద్దు కోటిన్నర, కదలికకి 40 శాతం. కోటిన్నరలో 40 శాతం 60 లక్షలు, గీత అక్కడే పడింది. 2021లో వచ్చిన ఆరో కూర్పులో ఈ హద్దులు కోటీ 60 లక్షలు, 42 శాతం అయ్యాయి. పెద్ద తేడా లేదు. ఈ హద్దులు పాస్ మార్కులు కావని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఏడాదిలోపు తండ్రులైన మగవాళ్లని లెక్కలోకి తీసుకుంటే, నూటికి ఐదుగురు ఈ హద్దుకి కిందే ఉన్నారు. అంటే కింద ఉన్నవాళ్లకీ పిల్లలు పుడతారు, పైన ఉన్నవాళ్లకి హామీ ఏమీ లేదు.

మీ ఆయన ఇబ్బందికి కిట్ కన్నా తేలికైన దారి ఒకటుంది. శాంపిల్ ల్యాబులోనే ఇవ్వాలని లేదు. ముందురోజు వెళ్లి కప్పు తెచ్చుకోండి, ఎన్నింటికి తెస్తారో చెప్పిపెట్టండి. ఇంట్లోనే కప్పులో పట్టి, మూత బిగించి, ఎన్నిగంటల ఎన్ని నిమిషాలకి పట్టారో మూత మీద రాయండి. చొక్కా లోపల ఒంటికి ఆనేలా పెట్టుకుని అరగంటలో, ఎంత ఆలస్యమైనా 50 నిమిషాల్లో ల్యాబులో ఇవ్వండి. మీరు తీసుకెళ్లి ఇచ్చినా వాళ్లు తీసుకుంటారు. బండి డిక్కీలో, ఫ్రిజ్‌లో, ఐసు మీద మాత్రం పెట్టకండి.

ప్రశ్న: మూడుసార్లు పరీక్షించుకున్నాను. మొదటిసారి ‘తక్కువ’, పది రోజుల తర్వాత ‘నార్మల్’, మళ్లీ ‘తక్కువ’. కిట్ చెడిపోయిందా, నేను చెడిపోయానా? (గచ్చిబౌలి, హైదరాబాద్)

జవాబు: రెండూ కాకపోవచ్చు. ఈ పరీక్షలో తప్పులు చాలావరకు చుక్క స్లైడు మీదికి చేరేలోపే జరిగిపోతాయి. మొదటినుంచీ చూద్దాం.

చివరిసారి వీర్యం పోయినప్పటినుంచి పరీక్షకి కనీసం 2 రోజులు, ఎక్కువలో ఎక్కువ 7 రోజులు ఎడం ఉండాలి. హస్తప్రయోగం కూడా లెక్కలోకి వస్తుంది. ఒకరోజు ఎడంతో ఒకసారి, వారం ఎడంతో ఇంకోసారి చేసి రెండింటినీ పోల్చడం కుదరదు. మూడు రోజులనుకుంటే ప్రతిసారీ మూడు రోజులే పాటించండి.

పట్టేటప్పుడు మొదటి బొట్టు కూడా పోకూడదు. కణాలు ఎక్కువగా ఉండేది మొదట వచ్చే భాగంలోనే. అది కింద పడిపోయాక మిగిలింది పట్టి పరీక్షిస్తే కౌంట్ తగ్గి కనిపించడంలో వింత లేదు. సబ్బు, ఉమ్మి, కొబ్బరినూనె, మెడికల్ షాపు జెల్ ఏదీ వాడకండి, ఇవి కణాల కదలికని దెబ్బతీస్తాయి. మామూలు కండోములో పట్టి పోస్తే ఇంకా నష్టం, దాని రబ్బరు, పూత కణాలని చంపేస్తాయి.

ఎక్కువమంది తొందరపడేది ఆ తర్వాతే. వీర్యం బయటికి రాగానే గడ్డకట్టినట్టు చిక్కబడుతుంది, 15 నుంచి 30 నిమిషాల్లో దానంతటదే పలచబడుతుంది. పలచబడకముందే చుక్క వేస్తే కణాలు జిగురులో ఇరుక్కుని కదలవు, ఒకచోట గుంపుగా ఉంటాయి, పక్కన ఖాళీ. పలచబడిందో లేదో డ్రాపరుతో చూడండి. పీల్చి వదిలితే చుక్కలు చుక్కలుగా పడాలి. 2 సెంటీమీటర్లకి మించి తీగలా సాగుతుంటే ఇంకా కాలేదు. కొన్ని కిట్లలో పలచబరిచే పొడి ఉంటుంది. అది ఉంటే పొట్లం మొత్తం వేసి, కరపత్రంలో చెప్పినంతసేపు ఆగండి. కలపడమంటే కప్పుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పడం. సీసా ఊపినట్టు ఊపితే బుడగలొస్తాయి. గంట దాటితే కదలిక తగ్గడం మొదలవుతుంది కాబట్టి మొత్తం పని పట్టిన గంటలోపు ముగియాలి.

గది వేడి 20 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి. ఏసీ 18లో పెట్టిన గదిలో కణాలు మందగిస్తాయి. ల్యాబులో చాలాచోట్ల స్లైడుని 37 డిగ్రీల దగ్గర ఉంచి చూసేది అందుకే. మే నెలలో ఏసీ లేని మేడమీది గది కూడా వద్దు.

ఇక చుక్క. స్లైడులోని సందు లోతు సాధారణంగా మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. డ్రాపరు మొనని సందు అంచుకి ఆనిస్తే ద్రవం దానంతటదే లోపలికి పాకుతుంది. పైనుంచి పిండకండి. ఎక్కువైతే అంచులు తడిసి లోపల ప్రవాహం ఆగదు, తక్కువైతే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. తెర మీద వీడియో కనబడితే యాప్ ఏ అంకె ఇచ్చిందో చూసేముందు దాన్నే చూడండి. కణాలన్నీ ఒకే దిక్కుకి, ఒకే వేగంతో, కాలవలో ఆకులు కొట్టుకుపోయినట్టు పోతుంటే అది ఈత కాదు, ద్రవం జరుగుతోంది. చచ్చిన కణాలు కూడా అలాగే పోతాయి, కొన్ని యాప్‌లు వాటినీ కదిలేవాటిలో కలిపేస్తాయి. నిజంగా ఈదే కణం తల అటూ ఇటూ ఊగుతుంది, దేని దారి దానిది. ఒక నిమిషంలో ఆ జరగడం ఆగకపోతే ఆ స్లైడు పక్కన పడేసి కొత్తది వేయండి.

చివరికి ఫోన్. కెమెరా వాడే కిట్ అయితే కవరు తీసేయండి, కెమెరా మీద అంటించిన గాజు ఉంటే అదీ తీయండి, లెన్సు తుడవండి. మూడు నాలుగు కెమెరాలున్న ఫోన్లలో యాప్ ఒక కెమెరా వాడుతుంటే మైక్రోస్కోపు ఇంకోదాని మీద కూర్చోవడం మామూలే. మీ ఫోన్ మోడల్ జాబితాలో ఉందో లేదో కొనేముందే చూడాల్సింది అందుకే. రికార్డయ్యేటప్పుడు వైబ్రేషన్ ఆపేయండి. మధ్యలో ఫోన్ వస్తే స్లైడు అదురుతుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా మీ మూడు ఫలితాలు కలవకపోవచ్చు. ఒకే మనిషి కౌంట్ వారానికీ వారానికీ చాలా మారుతుంది, గీతకి దగ్గరలో ఉన్నవాళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడతారు. పోయిన మూడు నెలల్లో డెంగీయో టైఫాయిడో వచ్చి ఒళ్లు కాలిందా? కణం తయారవడానికే దాదాపు 74 రోజులు, బయటికి చేరడానికి మరికొన్ని రోజులు పడతాయి. అప్పటి జ్వరం ఇప్పటి చుక్కలో కనబడుతుంది. మూడింట రెండుసార్లు ‘తక్కువ’ అని వచ్చింది కాబట్టి మీరు నాలుగో కిట్ కొనకండి, ల్యాబులో సెమెన్ అనాలిసిస్ (వీర్య పరీక్ష) చేయించండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఫోన్‌కి అంటించే మైక్రోస్కోపు లెన్సులు కొన్ని వందలకే దొరుకుతున్నాయి. వాటితో చూసుకోకూడదా? (ఏలూరు)

జవాబు: చూడొచ్చు, లెక్కపెట్టలేరు.

చిన్న గాజు గోళీ ఒక్కటే లెన్సుగా పనిచేయడం కొత్త సంగతి కాదు. 1677లో డచ్చి బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ వీర్యకణాలని చూసింది ఒకే లెన్సున్న మైక్రోస్కోపుతోనే. జపాన్‌లో 2016లో వచ్చిన ‘సీమ్’ అనే కిట్ కూడా ఫోన్ కెమెరా మీద మిల్లీమీటరు కూడా లేని గోళీ లెన్సు పెట్టే పద్ధతే. కణం తల పొడవు మిల్లీమీటరులో రెండువందలో వంతు ఉంటుంది కాబట్టి మంచి లెన్సైతే చుక్కలా, తోకతో కదులుతూ కనబడుతుంది.

లోతు తెలియని స్లైడు మీద ఎంత ద్రవాన్ని చూస్తున్నారో తెలియదు, అది తెలియకపోతే కౌంట్ లేదు. కిట్‌లో ఖరీదైనది లెన్సు కాదు, లోతు కచ్చితంగా ఉన్న ఆ స్లైడూ, లెక్కగట్టే ప్రోగ్రామూ. 2017లో హార్వర్డ్ అనుబంధ ఆసుపత్రి పరిశోధకులు ఫోన్‌తో పనిచేసే పరికరం చేసి 350 శాంపిళ్ల మీద పరీక్షిస్తే దాదాపు 98 శాతం సరిగ్గా చెప్పింది. సామాన్ల ఖర్చు ఐదు డాలర్లలోపే. చవగ్గా చేయొచ్చన్నమాట నిజమే, కానీ ఊరికే ఒక లెన్సు అంటించేస్తే అది రాదు.

కొనేటప్పుడు డబ్బా మీద తయారీదారు, దిగుమతిదారు పేర్లు, మన దేశపు దిగుమతి లైసెన్సు నంబరు, గడువు తేదీ చూడండి. అవి లేని డబ్బా ఎంత అందంగా ఉన్నా వద్దు.

ప్రశ్న: యాప్‌లో ఒక్క కణం కూడా కనబడలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక పిల్లలు లేనట్టేనా? (అనంతపురం)

జవాబు: కాదు. ఫోన్ చెప్పే ‘సున్నా’కి అర్థం వేరు. యాప్ ఒక చదరపు మిల్లీమీటరు మేర చూస్తుందనుకోండి, సందు లోతు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మిల్లీలీటరుకి కోటీ 60 లక్షల కణాలున్న మనిషికి ఆ మేరలో దాదాపు 320 కనబడతాయి. 50 వేలున్న మనిషికి కనబడేది సగటున ఒక్కటే, అదీ దొరక్కపోవచ్చు. పైగా కదిలేవాటినే లెక్కపెట్టే యాప్‌కి కదలని కణాలు ఎన్నున్నా లేనట్టే.

ల్యాబులో అయితే శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా 15 నిమిషాలు తిప్పి, అడుగున పేరుకున్నదంతా వెతుకుతారు. ‘సెంట్రిఫ్యూజ్ చేసి చూడండి’ అని చీటీలో రాయించుకోండి, కొన్ని చిన్న ల్యాబులు ఆ పని చేయకుండానే సున్నా రాసేస్తాయి. కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు చేయించాలి. రెండుసార్లూ లేకపోతేనే అజూస్పెర్మియా అంటారు. అప్పుడు యూరాలజిస్టు లేదా ఆండ్రాలజిస్టు (మగవాళ్ల సంతాన సమస్యల డాక్టరు) వృషణాల సైజు చూసి, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ అనే హార్మోన్లకి రక్తపరీక్షలు రాస్తారు. కణాలు తయారవుతున్నా దారి మూసుకుపోయిందా, తయారీయే లేదా అన్నది తేల్చడానికి ఇవి. దారి మూసుకుపోయినవాళ్లకి వృషణం నుంచే కణాలు తీసి, ఒక్కో కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ‘ఇక్సీ’ చేసే వీలుంది, తయారీ తక్కువైనవాళ్లలోనూ కొందరికి దొరుకుతాయి. ఈ లోపు ఏ టానిక్కూ మొదలుపెట్టకండి.

ప్రశ్న: యాప్ ‘నార్మల్’ అంది. అది చూపించి మా అత్తగారు ఇక లోపమంతా నాలోనే ఉందంటున్నారు. రెండేళ్లయింది. (రాజమండ్రి)

జవాబు: ఆ ఫోన్ అలా అనలేదని అత్తగారికి చెప్పండి. అది చెప్పింది మిల్లీలీటరుకి కదిలే కణాల అంకె ఒక్కటే. కణాల ఆకారం, వీర్యంలో తెల్లరక్తకణాలు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), కణాలు ఒకదానికొకటి అతుక్కోవడం ఇవేవీ చాలా కిట్లు చూడవు. కణం లోపలి డీఎన్‌ఏ దెబ్బతిన్న సంగతి మామూలు ల్యాబ్ రిపోర్టులోనే రాదు, దానికి వేరే పరీక్ష ఉంది.

చాలామంది వదిలేసేది పరిమాణం. మిల్లీలీటరుకి రెండుకోట్లున్నా, మొత్తం వచ్చింది అర మిల్లీలీటరైతే చేతిలో ఉన్నది కోటి మాత్రమే. ఒకసారి వచ్చే మొత్తంలో 3 కోట్ల 90 లక్షలు, పరిమాణం 1.4 మిల్లీలీటర్లు కింది హద్దులు. గీతలున్న కప్పు లేకపోతే సూది లేని సిరంజితో పీల్చి కొలవొచ్చు, కానీ పరీక్ష చుక్క తీసుకున్నాకే. పరిమాణం ప్రతిసారీ తక్కువుంటే, షుగరు ఉన్నవాళ్లలో వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతుండొచ్చు. ప్రొస్టేటుకి టామ్సులోసిన్, సైలోడోసిన్ వాడేవాళ్లలో కూడా ఇలా జరుగుతుంది.

రెండేళ్లయిందంటే ఇద్దరికీ ఒకేసారి పరీక్షలు జరగాలి. ఒకరిది తేలాక ఇంకొకరిది అనే పద్ధతి వల్ల పోయేది కాలమే. మీకు 35 దాటితే ఆరు నెలలకే చూపించుకోవాలి.

ప్రశ్న: దుబాయ్‌లో ఏడేళ్లుగా పనిచేస్తున్నా. ఏడాదికి ఒక నెల ఇంటికొస్తా. పెళ్లయి మూడేళ్లు, పిల్లల్లేరు. రూములోనే కిట్‌తో చూసుకున్నా, ‘తక్కువ’ అంది. ఎండలో పని వల్లేనా? (జగిత్యాల)

జవాబు: ముందు ఒక లెక్క. పిల్లల సమస్య అని మేం అనేది పన్నెండు నెలలు కలిసుండి ప్రయత్నించినా నిలవకపోతే. మీ మూడేళ్లలో కలిసున్నది మూడు నెలలు. ఒక నెలలో గర్భం నిలిచే రోజులు ఆరే, అండం విడుదలయ్యే రోజూ దానికి ముందు ఐదు రోజులూ. నెలసరి 28 రోజులకొచ్చేవాళ్లలో ఇది దాదాపు 9వ రోజు నుంచి 14వ రోజు దాకా. మీ ఆవిడ తేదీలు చూసుకోకుండా టికెట్ తీసుకుంటే ఆ ఆరు రోజులూ విమానం దిగకముందే అయిపోయుండొచ్చు. ఈసారి నెలసరి రావడానికి ఒకట్రెండు రోజుల ముందు దిగేలా చూసుకోండి, ఆ నెల పూర్తిగా మీ చేతిలో ఉంటుంది.

ఇక పరీక్ష. వారాల తరబడి ఎడం తర్వాత చేసుంటే పరిమాణం ఎక్కువగా, పాతబడి చచ్చిన కణాలు ఎక్కువగా కనిపిస్తాయి. రెండు రోజుల ముందు ఒకసారి వీర్యం పోనిచ్చి, మూడో రోజు మళ్లీ చూడండి.

వేడి సంగతి నిజమే. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే తయారీ బాగుంటుంది. బాయిలర్లు, వంటశాలలు, గంటలకొద్దీ లారీ సీటు, బిగుతు యూనిఫారం అన్నీ కొంత దెబ్బతీస్తాయి. వృషణం పైన, నిలబడినప్పుడు నరాలు పురుగుల చుట్టలా చేతికి తగులుతున్నాయేమో కూడా చూపించుకోండి. అది వేరికోసీల్. మామూలు మగవాళ్లలో నూటికి పదిహేను మందికి ఉంటుంది, పిల్లలు లేని మగవాళ్లలో ఇంకా ఎక్కువ.

సెలవులో వచ్చినప్పుడు, సంతాన సాఫల్య చికిత్సల మీద 2021లో వచ్చిన చట్టం కింద రిజిస్టరైన కేంద్రంలో శాంపిల్ ఫ్రీజ్ చేయించి వెళ్లే వీలుంది. మీ రాతపూర్వక అంగీకారం ఉంటే మీరు లేని నెలల్లో కూడా మీ ఆవిడకి చికిత్స సాగుతుంది.

ప్రశ్న: జిమ్ ట్రైనర్ చెప్పాడని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నా. కౌంట్ పెరగాలి కదా, యాప్ ఎందుకు తక్కువంటోంది? (విశాఖపట్నం)

జవాబు: బయటినుంచి హార్మోను వస్తుంటే మెదడు వృషణాలకిచ్చే ఆజ్ఞ ఆపేస్తుంది. వృషణంలో కణాల తయారీ తగ్గి, ఒక్కోసారి సున్నాకి వస్తుంది. కండ పెరుగుతుంది, కౌంట్ పడిపోతుంది. ఆపితే చాలామందికి తిరిగొస్తుంది, కానీ నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. ఎండోక్రినాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరు) ఏ ఇంజెక్షన్, ఎంత మోతాదు, ఎన్ని వారాలు అన్నీ దాచకుండా చెప్పండి. ఆయన పరీక్షలు రాసేది దాన్ని బట్టే.

ప్రశ్న: వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నా. కణాలు పోయాయో లేదో ఈ ఫోన్ కిట్‌తో చూసుకోవచ్చా? (కర్నూలు)

జవాబు: వద్దు. పిల్లలు కావాలనుకునేవాళ్లకి ఎక్కువున్నాయా అని చూడడానికి చేసిన కిట్ ఇది. మీకు కావలసింది దాదాపు ఏమీ లేవన్న రుజువు. పైన సున్నా గురించి రాసిన లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. మిల్లీలీటరుకి 50 వేలు మిగిలినా ఫోన్‌కి కనబడకపోవచ్చు, అవి కదిలేవైతే గర్భం రావచ్చు. ఆపరేషనై మూడు నెలలు దాటాక, ఈ లోపు ఇరవైసార్లన్నా వీర్యం పోయాక ల్యాబులో చూపించుకోండి. కణాల్లేవని రిపోర్టొచ్చి డాక్టరు చూసేదాకా కండోము మానకండి.